కారెక్కిన రేడియో

చార్మినారు నుండి పడమరగా లాడ్ బజారు గాజుల మెరుపులను దాటి ఖిల్వతు వైపునకు తిరిగినచో చౌమహల్లా ప్రాసాదము కనుపించును. అందలి దర్బారు మందిరమును, దీపవృక్షములను చూచుటకు పోయిన యాత్రికులు చివరకు ఒక పసుపుపచ్చని మోటారుకారు ముందు తప్పక నిలిచిపోవుదురు. అది 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గారికై సంకల్పింపబడినది. కారు చేతికి రాకముందే, 1911లో, వారు కాలధర్మము నొందినారు. ప్రభువు కూర్చుండవలసిన ఆసనమును ఇందులో సింహాసనమువలె ఎత్తుగా అమర్చినారు. ఊరేగింపునకు తప్ప ప్రయాణమునకు పుట్టిన బండి కాదది. ఇన్నేండ్లలో అది తిరిగినది కొన్ని వందల మైళ్ళకు మించదు.

ఆ కారులో లేని వైభవము లేదు. లేనిది ఒక్కటే, గొంతు. 1912లో ఏ చక్రవర్తి కారులోనూ అది లేదు. జనసామాన్యము కొరకు క్రమబద్ధమైన రేడియో ప్రసారములు 1920 నవంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున మొదలైనవి. నేడు పాతబస్తీ సందులో తిరుగు చిన్న కారులో పాట వినిపించుచున్నది. నాటి సింహాసన రథములో నిశ్శబ్దమే. ఈ రెండింటి నడుమ గడచిన కాలమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుటకు మాకు ఈ మధ్య ఒక కారణము కలిగినది.

శాలిబండలో మా చిరకాల మిత్రులొకరు ఉన్నారు. వారి ఇంట తండ్రిగారి నాటి స్పోర్ట్సు కారొకటి కలదు. రెండే ఆసనములు, తెరచి మూయదగిన గుడ్డపైకప్పు, ముందుకు వాలిన పొడుగాటి ముక్కు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1955 నుండి 1962 వరకు తయారైన ఎం.జి.ఏ. అను రకమది. మొత్తము లక్షకు పైగా తయారు కాగా వానిలో అత్యధికము విదేశములకే ఎగుమతి అయినవి. అట్టిది ఒకటి ఏ దారిన వచ్చినదో దక్కను చేరి వారి గుమ్మము ముందు నిలిచినది. మిత్రుని కుమారుడు ఇంజనీరింగు చదివిన యువకుడు. ఆ కారులో కొత్త స్టీరియో అమర్చవలెనని అతని కోరిక. అందులకై ముందు పలకను కోయవలసి వచ్చుననగా తండ్రిగారు ససేమిరా అన్నారు. ఇంటిలో రెండు వారములు మాటలు కరవైనవి. “రేడియోలో పనిచేయువారు కదా, మీరే తీర్పు చెప్పండి” అని ఇరువురును మా మీదకు త్రోసినారు. తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యము వినవలెను గదా. ఇందలి సాక్షి చరిత్ర.

మొదట మన ఊరి రేడియో సంగతి. తంతితపాలా శాఖలో ఉద్యోగియైన మహబూబ్ అలీ గారు 1933లో ఆబిడ్స్ దరి చిరాగ్ అలీ సందులో 200 వాట్ల చిన్న ప్రసారయంత్రము నెలకొల్పినారు. అదియే హైదరాబాదు రేడియోకు అంకురము. 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వము దానిని తన వశము చేసికొన్నది. దక్కన్ రేడియో అను పేరుతో అది ఖ్యాతి గడించినది. ఆ ఏటనే సెప్టెంబరులో మైసూరున మనస్తత్వ శాస్త్రాచార్యులు గోపాలస్వామి గారు తమ ఇంటినుండి ప్రసారములు మొదలుపెట్టినారు. ఆకాశవాణి అను పేరు ఆ కేంద్రము నుండియే దేశమునకు సంక్రమించినది. మన కేంద్రములో ఉర్దూ భాషకు అగ్రపీఠము. తెలుగు, మరాఠీ, కన్నడములకు కొంత కొంత వేళ. 200 వాట్లన్నచో ఎంత? నేటి ఇంటిలో రెండు మూడు పాత విద్యుద్దీపములు మ్రింగునంత. ఆపాటి శక్తితో ఒక నగరమును పలుకరింపగలుగుట ఆనాటివారికి అద్భుతముగా తోచుటలో వింతలేదు.

సరిగా ఆ సంవత్సరములలోనే సముద్రముల కావల మరియొక పని జరుగుచుండెను. చికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అను సోదరులు 1928లో ఒక చిన్న కర్మశాల తెరచినారు. బ్యాటరీతో నడచు ఇంటి రేడియోను గోడలోని కరెంటుతో నడిపించు సాధనమును వారు తయారుచేసెడివారు. కొలదికాలమునకే నేరుగా కరెంటుతో నడచు రేడియోలు వచ్చుటచే వారి సరకునకు గిరాకి పోయినది. 1929 నాటి ఆర్థిక సంక్షోభము పులిమీద పుట్రవలె వచ్చిపడినది. అప్పుడు వారు కారులో రేడియో అను సాహసమునకు పూనుకొన్నారు. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అను యువకులు తోడ్పడినారు. తయారైన మాదిరిని పాల్ గాల్విన్ తన స్టూడిబేకర్ కారులో అమర్చుకొని 1930 జూనులో అట్లాంటిక్ సిటీలో జరుగుచున్న రేడియో తయారీదారుల మహాసభకు పోయినాడు. లోపల అంగడి పెట్టుటకు రుసుము లేదు. కనుక వెలుపల కారు నిలిపి, ధ్వని హెచ్చించి, దారిన పోవువారిని పిలిచి వినిపించినాడు. మోటారు పదమునకు ఒక తోక తగిలించి తన సరకునకు మోటరోలా అని పేరిడినాడు. 1947లో కంపెనీకే ఆ పేరు స్థిరపడినది.

ఆ రేడియో ధర 110 మొదలు 130 డాలర్లు. ఆనాడు మంచి ఫోర్డు కారు 540 డాలర్లకు దొరకెడిది. అనగా కారు వెలలో నాలుగవ వంతు! పైగా దానిని అమర్చుట ఒక శస్త్రచికిత్స. ముందు పలకను కోయవలెను, రిసీవరు పెట్టెకొక చోటు, లౌడుస్పీకరునకొక చోటు, బ్యాటరీలకొక చోటు వెదకవలెను, పైకప్పు వస్త్రము విప్పి ఏరియల్ తీగ పరచవలెను. కాబట్టి మన మిత్రుని ఇంటి వివాదము కొత్తది కాదు. కారు రేడియో పుట్టిననాడే రంపముతో పుట్టినది. కారును తయారుచేసినవాడొకడు, గొంతు పెట్టినవాడొకడు. కొన్న తరువాత బజారులో అమర్చించుకొనుట అను ఆచారమే దీని మొదటి అధ్యాయము. తయారీదారులు తామే రేడియో పెట్టి అమ్ముట తరువాతి కథ.

1932లో జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ సంస్థ ఐరోపాలో మొదటి కారు రేడియోను తెచ్చినది. దాని బరువు 15 కిలోలు, వెల 465 మార్కులు. పెట్టె ఎక్కడనో ఒక మూల కూర్చుండెడిది. దానిని త్రిప్పు మీట మాత్రము చుక్కాని చెంత ఉండెడిది. చుక్కాని మీద వ్రేలితో నొక్కి పాట మార్చు నేటి యువకులు అది నిన్నటి కనిపెట్టుడు అనుకొందురు. తొంబదేండ్ల నాటి మాట యది.

ఈ పనిలో ఎదురైన చిక్కులు మూడు. అవి తెలిసినగాని నేటి అమరిక కూడ అర్థము కానేరదు.

మొదటిది, విద్యుత్తు. నాటి రేడియోలో గాజు వాల్వులు ఉండెడివి. అవి పనిచేయుటకు 200 వోల్టుల ప్రాంతమున ఒత్తిడి కావలెను. కారు బ్యాటరీ ఇచ్చునది 6 వోల్టులు. బ్యాటరీ కరెంటు ఏకముఖముగా ప్రవహించును. అట్టిదానిని ట్రాన్స్‌ఫార్మరు పెంచజాలదు. కావున వైబ్రేటరు అను చిన్న పరికరమును కల్పించినారు. అందొక ఉక్కు నాలుక క్షణమునకు నూరుమార్లకు పైగా కొట్టుకొనుచు ప్రవాహమును ముక్కలు చేయును. ఆ ముక్కల ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు పెద్దదిగా చేయును. రేడియో వేసిన వెంటనే తుమ్మెద రొదవంటిది వినిపించి, వాల్వులు వేడెక్కిన పిదప పాట వచ్చుట పెద్దలకు జ్ఞాపకముండును. కారు నిలిపి చాలసేపు పాట విన్నవారు తరువాత బండిని నెట్టించుకొనవలసి వచ్చెడిది.

రెండవది, నిప్పురవ్వ. ఇది విచిత్రమైన సంగతి. 1887లో జర్మనీలో హెర్ట్‌జ్ పండితుడు రెండు లోహపు గుండ్ల నడుమ నిప్పురవ్వలు పుట్టించి రేడియో తరంగములను మొదటిసారి నిరూపించినాడు. నిప్పురవ్వయే రేడియోకు తల్లి. పెట్రోలు ఇంజనులోని ప్లగ్గులు చేయునది కూడ అదే పని. ప్రతి కారును తనకు తెలియకుండగనే ఒక ప్రసారకేంద్రము! దూరపు గాయకుని సన్నని గొంతు కంటె చెంతనున్న ప్లగ్గుల పటపటలే రేడియోకు ముందుగా వినిపించును. తల్లియే బిడ్డ నోరు నొక్కినట్లయినది. అందులకై ప్లగ్గుల తీగలలో నిరోధకములను, డైనమోకు కండెన్సరును తగిలించి, ఇంజను మూతను చట్రముతో తీగ వేసి కలుపుట నేర్చినారు. నేటికిని పాత కారులో ఇంజను వేగము పెంచినకొలది స్పీకరులో ఈల వినిపించినచో కారణమును ఆ వంకనే వెదకవలెను.

మూడవది, ఏరియల్. గుడ్డపైకప్పు, కర్రపైకప్పు ఉన్ననాళ్ళు తీగను దానిలో దాచినారు. 1930 దశకము నడుమ ఉక్కు కప్పులు రాగానే తరంగములు లోనికి చొరకుండ అవి అడ్డు నిలిచినవి. తీగ అడుగుమెట్టు క్రిందకు దిగినది. అచట బురద, రాళ్ళు. చివరకు వెలుపల నిలువుగా నిలుచు కమ్మి వచ్చినది. కారునకు ఏరియల్ కమ్మి ఉన్నదన్నచో అది ఒకనాడు హోదాకు గురుతు.

ఇంకొక చిక్కు కూడ ఉండెను. అది యంత్రమునకు సంబంధించినది కాదు. 1930లోనే అమెరికాలో మసాచుసెట్స్ మొదలగు చోట్ల కారు రేడియోను నిషేధింపవలెనని ప్రతిపాదనలు వచ్చినవి. పాట వినుచు తోలువాడు పరధ్యానమున పడునని భయము. నిషేధము నిలువలేదు, భయమును పూర్తిగా తీరలేదు. దానిని గూర్చి చివర చెప్పుకొందము.

తిరిగి హైదరాబాదునకు వత్తము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను గారి కొలువులో కార్లకు కొదువలేదు. పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమున రోల్స్ రాయిస్, పాకర్డు, జాగ్వారు కార్లను నేటికిని చూడవచ్చును. తన పేర ఒక రేడియో కేంద్రము ఉండియు ఆ ప్రభువు దాని గుమ్మము తొక్కలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు సంస్థానమున ప్రవేశించినవి. 17వ తేదీ సాయంత్రము నిజాము దక్కన్ రేడియోలో మాట్లాడి కాల్పుల విరమణను ప్రకటించినాడు. ఆయన రేడియో కేంద్రమునకు స్వయముగా వచ్చుట అదే మొదటిసారి అని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. ఏనుగుల మీద, సింహాసన రథముల మీద ఊరేగి ప్రజలకు కనుపించిన వంశము, చివరకు కనుపించక వినిపించవలసి వచ్చినది. రాజు ఊరేగింపు దారిప్రక్కన నిలిచినవారికే దక్కును. గొంతు ఇంటింటికిని పోవును. రేడియో పెట్టె ఉన్న ఇండ్లు నాడు కొలది. కాని ఆ సాయంకాలము ఒక్కొక్క పెట్టె చుట్టును మూగిన చెవులు ఎన్నియో! 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో కలిసినది.

ఆ తరువాతి దశాబ్దములలో మన ఇండ్లలో రేడియో పెట్టె కుటుంబసభ్యుడైనది. తపాలా కార్యాలయమున ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకముపై బిళ్ళ అంటించుకొనుట మన పెద్దలకు తెలియును. 1980 దశకములో ఆ లైసెన్సు పద్ధతి తొలగిపోయినది. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలైన పిమ్మట సినిమా పాటల కొరకు సిలోను వంక త్రిప్పిన మీటలు మరల ఇటు తిరిగినవి. అయితే కారులో రేడియో ఇంకను ధనికుల వస్తువే.

దానిని సామాన్యునకు చేర్చినది ట్రాన్సిస్టరు. అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో 1947లో పుట్టిన ఆ గోరంత వస్తువునకు 200 వోల్టులు అక్కరలేదు, వేడెక్కు తీగ అక్కరలేదు, కొట్టుకొను నాలుక అక్కరలేదు. కారు బ్యాటరీ ఇచ్చు విద్యుత్తే దానికి చాలును. 1955లో క్రైస్లరు వారు ఫిల్కో తయారుచేసిన పూర్తి ట్రాన్సిస్టరు రేడియోను తమ కార్లకు ప్రకటించినారు. మొదటి చిక్కు దానితో మాయమైనది. 1963లో ఫిలిప్స్ వారి చిన్న కాసెట్టు వచ్చినది. మన దేశమున 1980 దశకమంతయు కాసెట్ల కాలము. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినది. అంబాసిడరు గాని, పద్మిని గాని, మారుతి గాని, సాధారణ రకము కొన్నవాడు స్టీరియో కొరకు మరల బజారునకు పోవలసినదే. ఆ విధముగా గాల్విన్ సోదరుల కాలపు ఆచారము అర్ధశతాబ్దము పిమ్మట మన వీధులలో వర్ధిల్లినది. ఖవ్వాలీ, గజలు, ఘంటసాల పాట, ముషాయిరా, అన్నియు ఆ చిన్న సందూకులలో అఫ్జల్‌గంజు నుండి ఫలక్‌నుమా దాక తిరిగినవి.

ఇక స్టీరియో అను మాట. దీనికి మూలపురుషుడు ఇంగ్లండు దేశస్థుడైన ఆలన్ బ్లమ్‌లైన్. ఒకనాడు భార్యతో చలనచిత్రము చూచుచుండగా తెరమీద పాత్ర ఒక ప్రక్కకు నడువగా గొంతు మరొక ప్రక్కనుండి వచ్చుట అతనికి వెగటు కలిగించినదట. 1931 డిసెంబరులో రెండు మైకుల, రెండు స్పీకర్ల విధానమునకు అతడు పేటెంటు కోరినాడు. మన రెండు చెవులకు ధ్వని ఒకేసారి చేరదు. కుడిప్రక్కన పలికిన మాట ఎడమ చెవికి సెకనులో వేయింట ఒక వంతు కంటె తక్కువ ఆలస్యముగా చేరును. ఆ స్వల్పభేదమునుబట్టియే మెదడు దిక్కును గుర్తించును. బ్లమ్‌లైన్ తన విద్య లోకమంతట వ్యాపించుట చూడలేదు. 1942 జూను 7న రాడారు పరీక్షలు జరుపు విమానము కూలి మరణించినాడు. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1950 దశకము చివరను, స్టీరియో ఎఫ్.ఎం. ప్రసారములు అమెరికాలో 1961 జూనులోను వచ్చినవి. మన దేశములో ఎఫ్.ఎం. 1977 జూలై 23న మద్రాసులో మొదలైనది. 2006లో హైదరాబాదున ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు తెరువబడగానే కారు రేడియోకు కొత్త యౌవనము వచ్చినది.

అయితే కారునకును స్టీరియోకును సహజముగా పొసగదు. ఇంటిలో శ్రోత రెండు స్పీకర్లకు నడుమ కూర్చుండును. కారులో తోలువాడు ఒక ప్రక్కకు అంటుకొని ఉండును. సెకనులో వేయింట ఒక వంతు కాలములో ధ్వని 34 సెంటీమీటర్లు పోవును. ఎడమ స్పీకరు 70 సెంటీమీటర్లు ఎక్కువ దూరమైనచో ఆ గొంతు రెండు వంతులు ఆలస్యము. గాయకుడు నడుమ నిలువక తోలువాని తలుపులో దూరినట్లుండును. నేటి పెట్టెలు దగ్గరి స్పీకరును అంత సేపు ఆపి, ఈ లోపమును సరిదిద్దుచున్నవి. ఇంకొక మాట. పెట్టెపై 50 వాట్లు, నాలుగు స్పీకర్లు అని వ్రాసి ఉండును. ఇంజను నడుచుచుండగా వ్యవస్థలో ఉండునది 14 వోల్టుల చిల్లర. నాలుగు ఓముల స్పీకరునకు ఆ ఒత్తిడితో నిలకడగా అందునది లెక్కకు 26 వాట్లు మించదు. అంకెలను చూచి మోసపోరాదు. చెవితో విని కొనవలెను.

ఇంతటి సాక్ష్యము మోసికొని మేము శాలిబండకు పోయినాము. తండ్రీకొడుకులను, కారును వెంటబెట్టుకొని పురానాపూలు దరి ఒక వృద్ధ ఉస్తాదు చెంతకు చేరినాము. జుమ్మెరాత్ బజారు వస్తువులలో ఏది ఏ కారు అవయవమో చీకటిలో తడవి చెప్పగల మనిషి. యువకుడు తెచ్చిన పెట్టె వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. జర్మనులు నిర్ణయింపగా ప్రపంచమంతయు అంగీకరించిన కొలత అది. కాని ఆ కొలత ఏర్పడుటకు ముందే ఈ కారు పుట్టినది.

ఉస్తాదు పలకను చూడక ముందు బ్యాటరీని చూచినాడు. ఆసనముల వెనుక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు జతగా ఉన్నవి. వాని ధనధ్రువము చట్రమునకు కలుపబడి ఉన్నది. ఆనాటి బ్రిటిషు కార్ల ఆచారమది. నేటి స్టీరియోలన్నియు ఋణధ్రువము చట్రమునకు కలిసిన కార్ల కొరకే. ఉన్నది ఉన్నట్లు బిగించి ఉండినచో పెట్టె లోహపు ఒడలు చట్రమును తాకిన క్షణముననే ఫ్యూజు పోవును. ఫ్యూజు లేనిచో తీగలే కాలును. యువకుని ముఖము వాడినది. ఇంజనీరింగు పట్టము పొందినను అతడు ఈ సంగతి చూచుకొనలేదు.

ఉపాయము లేకపోలేదు. బ్యాటరీ తీగలను తారుమారు చేయవచ్చును. పిమ్మట డైనమోకు కొత్త దిక్కు నేర్పవలెను. దాని ఫీల్డు కొనకు బ్యాటరీ తీగను ఒక్క క్షణము తాకించినచో అది నేర్చుకొనును. ఇగ్నిషన్ కాయిలు కొనలను కూడ మార్చవలెను. అంతయు తిరిగి యథాస్థితికి తేదగిన పనియే. ఆ డైనమో ఇచ్చునది ఇరువది ఆంపియర్ల చుట్టుప్రక్కల మాత్రమే. రాత్రివేళ దీపములు వేసి, పెద్ద ఆంప్లిఫయరు పెట్టినచో బ్యాటరీ ఓర్వదు. కావున చిన్న పెట్టె చాలుననినాడు ఉస్తాదు.

“మరి పలక కోయవలెనా, చాచా?” అని యువకుడు అడిగినాడు.

వృద్ధుడు రంపము తీయలేదు. పలక నడుమ ఎం.జి. ముద్ర గల ఒక బిళ్ళను వ్రేలితో మీటినాడు. “ఇది చూడు బేటా, ఇది నగ కాదు, మూత. రేడియో పెట్టుకునేవాళ్ళ కోసం కంపెనీవాడే చోటు వదిలిపెట్టి మూత వేశాడు. కోయడం ఐదు నిమిషాల పని. అతకడం మాత్రం నా వల్ల కాదు, ఇంకెవరి వల్లా కాదు.”

తండ్రిగారు ఆ బిళ్ళను ఏబది ఏండ్లుగా తుడుచుచున్నారు. అది మూత అని వారికి తెలియదు. కారు తన పుట్టుకలోనే ఒక గొంతు కొరకు చోటు ఉంచుకొని వేచియున్నదన్న మాట విని వారు కొంతసేపు మాటలాడలేదు. “మా అబ్బాజాన్ దీనిలో పాట పాడించాలని అనుకున్నారేమో. మేమే అడ్డుపడ్డాము” అని మాత్రము అన్నారు.

మా తీర్పు అక్కడనే తేలినది. పాత వస్తువు అంటరానిది కాదు. తిరిగి రాని విధముగా దానిని మార్చరాదు. కొత్త పెట్టెను పలక క్రింద విడి చట్రములో వ్రేలాడదీసినారు. స్పీకర్లు విడి పెట్టెలలో కాళ్ళ చెంత కూర్చుండినవి. నిరంతరము అందవలసిన తీగకొక ఫ్యూజు, తాళముతో అందవలసిన తీగకొక ఫ్యూజు వేసినారు. తీసివేసిన ప్రతి మరను ఒక డబ్బాలో పోసి, మార్చిన తీగల పటమును కాగితముపై గీసి, ఆ డబ్బా తండ్రిగారి చేతిలో పెట్టినారు. రేపు మనుమడు కారును తాతనాటి రూపున చూడగోరినచో ఒక్క పూట పని. మూత ఉన్నచోటనే ఉన్నది. వెదకి నాటి బ్రిటిషు రేడియోను తెచ్చి ఆ చోట నిలుపవలెనని ఇప్పుడు తండ్రిగారికే కోరిక పుట్టినది!

చివరకు మిగిలినది 1930 నాటి భయము. పెట్టె మ్రోగగానే యువకుడు ధ్వనిని హెచ్చించినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదు; ధ్వని పెరిగినకొలది ఆ గడువు వేగముగా కుదించుకొనిపోవును. పైకప్పు లేని కారులో గాలి రొదను మించవలెనని మీటను త్రిప్పుచు పోయినచో ఈ గడువు తెలియకుండగనే గడచును. పాతబస్తీ దారులలో వినవలసినవి మరికొన్ని కలవు. ప్రక్కసందు నుండి వచ్చు సైకిలు గంట, తోపుడుబండివాని కేక, మసీదు అజాను, గుడి గంట, వెనుక బండి హారను. వీనిని మ్రింగు పాట పాట కాదు. మేము ఈ మాట అనకముందే తండ్రిగారు చేయి చాచి మీట తగ్గించినారు. కుమారుడు మరల హెచ్చించలేదు.

మదీనా కూడలి మీదుగా నయాపూలు దాటువరకు మేము వారి వెనుక మా బండిలో వచ్చినాము. రెండే ఆసనముల కారు గదా, అందు మాకు చోటులేదు. ముందు కారులో ఏ పాట మ్రోగుచుండెనో మాకు వినరాలేదు. తండ్రియు కొడుకును మాటలాడుకొనుచుండుట మాత్రము కనుపించినది.